5 వేల లోపు ఇంట్లో బేస్ గిటార్ రికార్డింగ్: ల్యాప్‌టాప్‌కి పెడితే దోమ పాడినట్టు వస్తోంది

#1 నాలుగుతీగలు (మల్కాజిగిరి), శుక్రవారం రాత్రి 10:42

అన్నలకు, అక్కలకు నమస్తే. మూడేళ్లుగా మా చర్చిలో బేస్ వాయిస్తున్నాను. అక్కడ ఆంప్, మిక్సర్ అన్నీ రెడీగా ఉంటాయి కాబట్టి ప్లగ్ పెట్టడం తప్ప నాకేమీ తెలియదు. మా కీబోర్డ్ ఫ్రెండ్‌కి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. ఇకమీదట వాడు ట్రాక్ చేసి పంపితే నేను ఇంట్లో బేస్ వాయించి తిరిగి పంపాలి.

నాది సెకండ్ హ్యాండ్ జాజ్ బేస్ మోడల్, నాలుగు తీగలు, బ్యాటరీ లేదు. ల్యాప్‌టాప్ ఐ3, 8 జీబీ ర్యామ్, విండోస్ 10. మైక్, హెడ్‌ఫోన్ రెండింటికీ ఒకటే రంధ్రం. కోఠి వెళ్లి పి-38 పిన్ (గిటార్ కేబుల్ చివరుండే లావు పిన్) నుంచి 3.5 ఎంఎంకి మార్చే కన్వర్టర్ తెచ్చాను. ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో రికార్డ్ చేస్తే దోమ గీపెట్టినట్టు సన్నగా వస్తోంది. మైక్ బూస్ట్ 30 డెసిబెల్స్ (డీబీ) పెట్టినా అంతే. ఇంకో వింత ఏంటంటే, నోట్ పట్టి ఉంచితే ఒక సెకను తర్వాత దానంతటదే మాయమవుతోంది. తీగ మాత్రం ఇంకా మోగుతూనే ఉంటుంది!

క్లిప్ పెట్టాను, వినండి. మొత్తం బడ్జెట్ 5 వేలు. అంతకు మించి అడిగితే మా నాన్న గిటారే అమ్మేయమంటాడు.

#2 గల్లీసౌండ్ (కోఠి), రాత్రి 10:50

ఆడియో ఇంటర్‌ఫేస్ కొను తమ్ముడూ, గిటార్ సిగ్నల్‌ని యుఎస్‌బితో కంప్యూటర్‌కి ఇచ్చే పెట్టె. అయిపోయింది. ప్రతి నెలా ఇదే ప్రశ్న.

#3 సోల్డర్‌బాబాయ్ (సికింద్రాబాద్), రాత్రి 11:15

ఎందుకు కొనాలో తెలియకుండా కొంటే రేపు ఇంకో ప్రశ్నతో వస్తాడు. కాస్త వివరంగా చెప్తాను.

బ్యాటరీ లేని బేస్ అంటే లోపల అయస్కాంతాలు, వాటి చుట్టూ సన్నని రాగి తీగ, అంతే. దాన్నే పికప్ అంటారు. దాన్నుంచి వచ్చే సిగ్నల్‌కి బలం తక్కువ. దాన్ని అందుకునే వైపు ఇంపీడెన్స్ (కరెంటుకి ఎదురునిలిచే గుణం) బాగా ఎక్కువ ఉండాలి, మామూలుగా ఒక మెగా ఓమ్, అంటే పది లక్షల ఓమ్‌లు. ల్యాప్‌టాప్ మైక్ ఇన్‌పుట్‌లో కొన్ని వేల ఓమ్‌లే ఉంటాయి. నలుగురికి వండిన పులుసు పెళ్లి పంక్తికి వడ్డించినట్టు అవుతుంది. వాల్యూమ్ పడిపోతుంది, పైస్థాయి మెరుపంతా పోతుంది. పైగా ఆ జాక్‌లో కండెన్సర్ మైక్ కోసం చిన్న వోల్టేజ్ కూడా వస్తూ ఉంటుంది. అది బేస్‌కి అక్కర్లేదు.

ఇంటర్‌ఫేస్ మీద "ఇన్‌స్ట్రుమెంట్" అనో "హై-జెడ్" (ఎక్కువ ఇంపీడెన్స్) అనో రాసి ఉన్న ఇన్‌పుట్ సరిగ్గా ఈ పని కోసమే. నీది యాక్టివ్ బేస్ అయితే, అంటే లోపల 9 వోల్ట్ బ్యాటరీ ఉంటే, డెస్క్‌టాప్ వెనక నీలం రంగు లైన్-ఇన్‌లో పెట్టినా చాలావరకు నడిచేది.

కానీ ఒకటి అర్థం కాలేదు. ఇంపీడెన్స్ తేడా వస్తే శబ్దం ముద్దగా, మూగగా రావాలి. నీ క్లిప్ సన్నగా, టిక్కుటిక్కుమంటూ ఉంది.

#4 కీబోర్డ్అక్క (కూకట్‌పల్లి), రాత్రి 11:31

బాబాయ్, క్లిప్ పూర్తిగా విన్నారా? 24వ సెకను దగ్గర కుక్కర్ విజిల్ ఉంది.

తమ్ముడూ, కేబుల్‌లోంచి కుక్కర్ ఎలా వచ్చింది?

#5 నాలుగుతీగలు, రాత్రి 11:34

అక్కా, అది మా అమ్మ పప్పు పెట్టింది. వంటగది పక్కనే.

#6 కీబోర్డ్అక్క, రాత్రి 11:40

అదే అడుగుతున్నా. బేస్ పికప్‌కి తీగల కదలిక తప్ప గదిలో శబ్దాలు వినబడవు. కుక్కర్ వినిపించిందంటే నువ్వు ఇంతసేపూ రికార్డ్ చేసింది కేబుల్ నుంచి కాదు, ల్యాప్‌టాప్ లోపలి మైక్‌తో. ఆంప్ లేని బేస్‌ని గదిలో మైక్ వింటే దోమలాగే ఉంటుంది మరి.

పరీక్ష చెప్తాను. రికార్డింగ్ ఆన్ చేసి స్క్రీన్ పైన కెమెరా పక్కన గోరుతో గీకు. మీటర్ ఎగిరిందంటే కేసు తేలిపోయినట్టే.

#7 నాలుగుతీగలు, రాత్రి 11:46

ఎగిరింది. 🙈 వారం రోజులుగా బూస్ట్ పెంచుతూ కూర్చున్నాను.

#8 సోల్డర్‌బాబాయ్, శనివారం ఉదయం 6:20

శభాష్ అక్కా, నేను ముసలివాణ్ణయిపోయాను. కారణం ఇప్పుడు దొరికింది. ఒకే రంధ్రం ఉన్న ల్యాప్‌టాప్‌కి నాలుగు భాగాల పిన్ కావాలి: ఎడమ చెవి, కుడి చెవి, గ్రౌండ్, మైక్. మన మోనో పిన్‌కి రెండే భాగాలు. అది లోపలికి వెళ్లగానే మైక్ కాంటాక్ట్‌ని గ్రౌండ్‌తో కలిపేస్తుంది. బయటి మైక్ లేదనుకుని ల్యాప్‌టాప్ తన సొంత మైక్‌నే వాడుకుంది. నోట్ మాయమవడం కూడా అందుకే. లోపలి మైక్‌కి నాయిస్ తగ్గించే సెట్టింగ్ ఉంటుంది. మాటల్లా మారుతూ ఉండే శబ్దాన్ని ఉంచుతుంది, ఒకే తీరున సాగేదాన్ని ఫ్యాన్ మోత అనుకుని నొక్కేస్తుంది. పట్టి ఉంచిన బేస్ నోట్ దాని దృష్టిలో ఫ్యానే.

మైక్‌ని, హెడ్‌ఫోన్‌ని విడదీసే స్ప్లిటర్ కొంటే సిగ్నల్ వస్తుంది. కానీ నేను పైన రాసిన ఇంపీడెన్స్ గొడవ అప్పుడు మొదలవుతుంది. ఆ వంద రూపాయలు కూడా దండగ.

#9 మెట్రోబేసిస్టు (ఎల్బీ నగర్), ఉదయం 9:05

నేను మూడేళ్లు ఇంటర్‌ఫేస్ లేకుండానే నెట్టుకొచ్చాను. మా ప్రాక్టీస్ ఆంప్‌కి హెడ్‌ఫోన్ అవుట్ ఉంది. దాన్నుంచి పాత డెస్క్‌టాప్ లైన్-ఇన్‌కి కేబుల్ లాగి, వాల్యూమ్ బాగా తక్కువ నుంచి మొదలుపెట్టేవాణ్ణి. కొంచెం సర్రుమని హిస్ ఉండేది, అయినా పనైపోయేది. మీ చర్చి మిక్సర్‌కి యుఎస్‌బి ఉందేమో చూడు భయ్యా, ఉంటే అసలు ఖర్చే లేదు.

#10 గల్లీసౌండ్, ఉదయం 9:12

ఆంప్ అనగానే ఎవరో ఒకరు స్పీకర్ అవుట్‌లోంచి తీసి ల్యాప్‌టాప్‌లో పెడతారు. దయచేసి వద్దు. అది స్పీకర్‌ని కదిలించే కరెంటు. ల్యాప్‌టాప్ సౌండ్ సెక్షన్ ఒక్క నోట్‌కే పోతుంది. హెడ్‌ఫోన్, లైన్ అవుట్, డీఐ అవుట్ (మిక్సర్‌కి నేరుగా ఇచ్చేది) వేరు, స్పీకర్ అవుట్ వేరు. ఒక కస్టమర్ ఇలాగే తెచ్చాడు, మదర్‌బోర్డే మార్చాల్సి వచ్చింది.

#11 నాలుగుతీగలు, ఉదయం 11:30

చర్చి మిక్సర్‌కి యుఎస్‌బి ఉంది కానీ అది పెన్‌డ్రైవ్ పాటలు వేయడానికే. పైగా ఆదివారం అది కదలకూడదు. ఇంటర్‌ఫేస్‌కే ఫిక్స్ అయ్యాను. ఏది తీసుకోమంటారు?

#12 ఐదోతీగ (మెహదీపట్నం), మధ్యాహ్నం 12:10

డబ్బుంటే ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో. లేదు కాబట్టి బెరింగర్ యుఎం2, లేదా ఎం-ఆడియో ఎం-ట్రాక్ సోలో. ఈ మూడింటికీ ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్ ఉంది. విడిగా కరెంటు అక్కర్లేదు, యుఎస్‌బితోనే నడుస్తాయి. సెకండ్ హ్యాండ్ అయితే బ్యాండ్ విడిపోయినవాళ్ల దగ్గర అడుగు. హైదరాబాద్‌లో నెలకో బ్యాండ్ విడిపోతుంది.

ఒక చివర జాక్, ఇంకో చివర యుఎస్‌బి ఉండే గిటార్ కేబుల్స్ కూడా వస్తాయి. పని జరుగుతుంది కానీ గెయిన్ (లోపలికొచ్చే సిగ్నల్ స్థాయి) తిప్పే నాబ్ ఉండదు, హెడ్‌ఫోన్ పెట్టే చోటు చాలావాటికి ఉండదు. రేపు పాడాలనిపిస్తే మైక్ పెట్టలేవు.

మొత్తం 5 వేలూ ఇంటర్‌ఫేస్ మీదే పెట్టకు. సగం హెడ్‌ఫోన్స్‌కి ఉంచు. బేస్ ఎలా ఉందో వినకుండా బేస్ రికార్డ్ చేయడం కళ్లు మూసుకుని దోసె తిప్పడమే.

#13 నాలుగుతీగలు, గురువారం రాత్రి 9:15

యుఎం2 దొరికింది! అమీర్‌పేటలో హాస్టల్ ఖాళీ చేస్తున్న అబ్బాయి 2,300కి ఇచ్చాడు. చెవి మొత్తం మూసే వైర్డ్ హెడ్‌ఫోన్స్ ఇంకో 1,600. రికార్డింగ్‌కి రీపర్ సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను.

బేస్ మొదటిసారి బేస్‌లా వినిపించింది, ఒళ్లు జలదరించింది అన్నా. కానీ మూడు సమస్యలు. కుడి చెవిలోనే వస్తోంది. నేను మీటాక కాసేపటికి వినిపిస్తోంది. అన్నిటికంటే పెద్దది, వెనకాల ఎప్పుడూ "హ్‌మ్‌మ్‌మ్", దాని మీద "జ్‌జ్‌జ్" అని ఇంకో శబ్దం.

#14 కీబోర్డ్అక్క, రాత్రి 9:40

కుడి చెవి సంగతి తేలిక. ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్ అందులో రెండోది. నువ్వు ట్రాక్‌కి స్టీరియో ఇన్‌పుట్ ఇచ్చావు, రెండోది కుడివైపు పడింది. ట్రాక్ మీద ఇన్‌పుట్‌ని "మోనో, ఇన్‌పుట్ 2" అని మార్చు, రెండు చెవుల మధ్యలో కూర్చుంటుంది.

ఆలస్యం గురించి: డ్రైవర్ ఏది పెట్టావు, బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతకి పోగేసుకునే శాంపిళ్లు) ఎంత ఉంది?

#15 నాలుగుతీగలు, రాత్రి 9:44

ఆసియో4ఆల్. 1024 ఉంది అక్కా.

#16 కీబోర్డ్అక్క, రాత్రి 9:58

48 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి 48 వేల శాంపిళ్ల లెక్కన, 1024 అంటే ఒకవైపుకే 21 మిల్లీ సెకన్లు. లోపలికి, బయటికి కలిపి 42 పైమాటే. శబ్దం గాలిలో మీటరు దూరం వెళ్లడానికి దాదాపు 3 మిల్లీ సెకన్లు పడుతుంది. అంటే చర్చిలో ఆంప్ స్టేజి మీద పెట్టి, నువ్వు 14 మీటర్ల అవతల గుమ్మం దగ్గర నిలబడి వాయిస్తున్నావన్నమాట. తాళం ఎలా కుదురుతుంది? 128కి తగ్గించు. టపటపమని తెగితే 256. అదీ ఒకవైపుకు 5 మిల్లీ సెకన్లే కాబట్టి ఇబ్బంది లేదు.

ఇంకా తేలిక దారి, ఇంటర్‌ఫేస్ మీదున్న డైరెక్ట్ మానిటర్ బటన్ నొక్కి, రీపర్‌లో ఆ ట్రాక్ మానిటరింగ్ ఆపెయ్యి. కంప్యూటర్‌లోకి వెళ్లకముందే నీ చెవికి వస్తుంది. రెండూ ఆన్‌లో ఉంటే మాత్రం నీకు ఇద్దరు బేసిస్టులు వినిపిస్తారు, రెండోవాడు ఎప్పుడూ లేటు.

#17 మెట్రోబేసిస్టు, రాత్రి 10:20

హమ్ అంటే ఎర్త్ గొడవే. ల్యాప్‌టాప్ చార్జర్ మూడో పిన్ తీసెయ్యి, లేదా టూ-పిన్ అడాప్టర్ పెట్టు. మా బ్యాండ్‌లో అందరం అదే చేశాం, మస్తు సైలెంట్.

#18 సోల్డర్‌బాబాయ్, రాత్రి 10:26

వద్దు. ఎవరూ ఆ పని చేయొద్దు. మెట్రో, ఆ పోస్టు తీసెయ్ నాన్నా.

బేస్ తీగలు బ్రిడ్జికి (తీగలు బిగించే లోహపు భాగం), బ్రిడ్జి గ్రౌండ్‌కి, గ్రౌండ్ కేబుల్ ద్వారా ఇంటర్‌ఫేస్‌కి, అక్కణ్నుంచి ల్యాప్‌టాప్‌కి కలిసి ఉంటాయి. అంటే వాయించేవాడి వేళ్లు ఆ గ్రౌండ్ మీదే ఉన్నాయి. ఏదో ఒక పరికరంలో ఫాల్ట్ వచ్చి, ఎర్త్ పిన్ లేకపోతే కరెంటు పోవడానికి మిగిలిన దారి ఆ వేళ్లే. హమ్‌తో ఎవరూ చావరు.

తమ్ముడూ, నువ్వు మూడు పనులు చెయ్యి. చార్జర్ తీసి బ్యాటరీ మీద పెట్టి విను. తర్వాత తీగల మీద చెయ్యి ఆనించి ఒకసారి, తీసి ఒకసారి విను. చివరికి కూర్చున్న చోటే నెమ్మదిగా గుండ్రంగా తిరుగు.

#19 నాలుగుతీగలు, రాత్రి 11:05

చార్జర్ తీస్తే "హ్‌మ్‌మ్" పోయింది. "జ్‌జ్‌జ్" పోలేదు. చెయ్యి ఆనిస్తే అది తగ్గుతోంది. తిరిగితే ఒక దిక్కున ఎక్కువ, ఒక దిక్కున తక్కువ. చార్జర్ టూ-పిన్‌దే బాబాయ్. అది పెట్టినప్పుడు తీగలు తాకితే సన్నగా జివ్వుమంటుంది కూడా. ఈక్వలైజర్‌లో 50 హెర్ట్జ్ కోసేస్తే చార్జర్ పెట్టుకునే వాయించవచ్చు కదా?

#20 సోల్డర్‌బాబాయ్, శుక్రవారం ఉదయం 6:05

కొయ్యలేవు, అదే బేస్‌వాళ్ల ఖర్మ. మన కరెంటు 50 హెర్ట్జ్. నీ లావు తీగ, అంటే "ఇ" (E) తీగ, ఖాళీగా మీటితే 41, దాని మీదే మూడో ఫ్రెట్‌లో (మెడ మీది మూడో గడి) జీ (G) నోట్ 49 హెర్ట్జ్. హమ్ సరిగ్గా ఆ జీ నెత్తిన కూర్చుంది. దాని రెట్టింపు 100, నీ సన్న తీగ ఖాళీగా మీటితే 98. హమ్‌ని కోస్తే పాటలో జీలన్నీ సన్నబడిపోతాయి. గిటార్‌వాడైతే కింద అంతా కోసేసి హాయిగా పడుకుంటాడు. మనం మూలంలోనే ఆపాలి.

చార్జర్‌ది తెలిసింది కాబట్టి బ్యాటరీ మీద రికార్డ్ చెయ్యి. ఆ జివ్వుమనడం ఎర్త్ లేని టూ-పిన్ చార్జర్ నుంచి వచ్చే లీకేజీ. మీ మోడల్‌కి సరిపడే త్రీ-పిన్ చార్జర్ దొరికితే మంచిదే. కానీ ముందు ఎలక్ట్రీషియన్‌తో ఇంటి ఎర్తింగ్ చూపించు. అద్దె ఇళ్లలో సాకెట్‌కి మూడో రంధ్రం ఉంటుంది, వెనక వైరే ఉండదు. మా పాత ఇంట్లో అలాగే ఉండేది.

చెయ్యి ఆనిస్తే తగ్గుతోందంటే గిటార్ లోపలి గ్రౌండ్ బాగానే ఉంది. ఆనిస్తే పెరిగి ఉంటే విప్పి చూడమనేవాణ్ణి. తిరిగితే మారుతోంది కాబట్టి "జ్‌జ్" గాల్లోంచి వస్తోంది, సింగిల్ కాయిల్ పికప్ దాన్ని పట్టుకుంటోంది. రెండు పికప్‌ల వాల్యూమ్‌లూ నిండుగా పెట్టు. జాజ్ బేస్‌లో చాలావాటికి రెండో పికప్‌ని మొదటిదానికి ఎదురుగా చుడతారు, రెండూ సమానంగా ఉంటే గాల్లోంచి వచ్చేది ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది.

గదిలో ఇంకా ఏమేం నడుస్తున్నాయి?

#21 నాలుగుతీగలు, ఉదయం 7:50

ట్యూబ్‌లైట్, ఫ్యాన్. ఫ్యాన్ ఆపమనకండి బాబాయ్, మే నెల.

#22 గల్లీసౌండ్, ఉదయం 8:02

రెగ్యులేటర్ ఏది? గుండ్రంగా ఎంతంటే అంత నున్నగా తిరిగేదా, టక్‌టక్‌మని మెట్లుగా తిరిగేదా?

#23 నాలుగుతీగలు, ఉదయం 8:04

నున్నగా తిరిగేది. రెండు మీద ఉంచుతాను, నోట్స్ పేపర్లు ఎగిరిపోకుండా.

#24 గల్లీసౌండ్, ఉదయం 8:09

దొంగ దొరికాడు. ఆ రకం రెగ్యులేటర్ కరెంటుని సెకనుకి వంద సార్లు ముక్కలుగా కోసి ఫ్యాన్‌కి ఇస్తుంది. ఆ కోత శబ్దమే నీ "జ్‌జ్‌జ్". ఫుల్‌లో పెడితే కోత దాదాపు ఉండదు. పేపర్ల మీద ఫోన్ పెట్టు. ఎప్పుడైనా మెట్ల రకం కెపాసిటర్ రెగ్యులేటర్ వేయించు.

#25 నాలుగుతీగలు, ఉదయం 8:31

ఫుల్ పెట్టాను. రెండు పికప్‌లూ నిండుగా పెట్టాను. ఆగిపోయింది!! ఊపిరి పీల్చుకున్నట్టుంది. నేను కొత్త ఇంటర్‌ఫేస్ కొనాలేమో అనుకున్నాను.

#26 మెట్రోబేసిస్టు, ఉదయం 10:15

బాబాయ్, పోస్టు ఎడిట్ ఆప్షన్ పోయింది. అందుకే ఇక్కడే రాస్తున్నా: #17లో నేను చెప్పింది తప్పు. మా వాళ్ల పిన్‌లు కూడా మార్పిస్తా.

#27 నాలుగుతీగలు, ఆదివారం సాయంత్రం 4:40

మొదటి టేక్ చేశాను. గెయిన్ ఎంతవరకు పెట్టాలి? ఇంకోటి, హెడ్‌ఫోన్స్‌లో బ్రహ్మాండంగా ఉంది, ల్యాప్‌టాప్ స్పీకర్లలో వింటే బేస్ అసలు లేదు. అందుకని కింద 12 డీబీ పెంచాను.

#28 ఐదోతీగ, సాయంత్రం 5:25

ముందు ఆ 12 డీబీ తీసెయ్! ల్యాప్‌టాప్ స్పీకర్ 41 హెర్ట్జ్ పలకలేదు. నువ్వు ఎంత పెంచినా అది మూగదే. మీ ఫ్రెండ్ ఆ ఫైల్ కారులో వేస్తే అద్దాలు ఊడతాయి. చిన్న స్పీకర్లలో బేస్ తెలియాలంటే పై హార్మోనిక్స్ (అసలు నోట్‌కి రెట్లలో ఉండే శబ్దాలు) కావాలి, 82, 123, ఇంకా పైన. కొంచెం ఓవర్‌డ్రైవ్ (శబ్దాన్ని కాస్త బొంగురు చేసే ఎఫెక్ట్) కలిపితే అవి పుడతాయి. ఇగ్నైట్ ఆంప్స్ వాళ్ల ఎస్‌హెచ్‌బీ-1 అని బేస్ ఆంప్ ప్లగిన్ ఉచితంగా దొరుకుతుంది. విడిగా వింటే కాస్త బొంగురుగా ఉండాలి, పాటలో కలిపితే ఆ బొంగురు వినపడదు, బేస్ వినపడుతుంది.

గెయిన్: నువ్వు పాటలో ఎంత గట్టిగా మీటుతావో అంత గట్టిగా మీటి, పీక్ మైనస్ 10 డీబీ దగ్గర ఆగేలా పెట్టు. ఎరుపు లైట్ ఒక్కసారి వెలిగినా ఆ టేక్ పోయినట్టే, తర్వాత బాగుచేసుకోలేవు. కంప్రెసర్ (గట్టి, మెల్లని నోట్ల తేడా తగ్గించేది) రికార్డ్ అయ్యాక. రీపర్‌లో ఉన్న రియాకాంప్ చాలు. నాలుగుకి ఒకటి నిష్పత్తి, అటాక్ (నొక్కడానికి పట్టే సమయం) 25 మిల్లీ సెకన్లు, ఎంత నొక్కుతోందో చూపే సూది 4-5 డీబీ కంటే ఎక్కువ కదలకుండా. నా అలవాటు అది, వేదం కాదు.

అసలు సంగతి మాత్రం నీ తీగలు. అవి ఎప్పటివి?

#29 నాలుగుతీగలు, సాయంత్రం 5:30

గిటార్‌తో వచ్చినవే... అమెరికాలో మోటౌన్ రికార్డ్ కంపెనీ బేసిస్టు జేమ్స్ జేమర్సన్ తీగలు మార్చేవాడే కాదట కదా అన్నా? ఆయన బేస్ కూడా నేరుగా కన్సోల్‌లోకే పెట్టేవారట.

#30 ఐదోతీగ, సాయంత్రం 5:52

నేరుగా పెట్టేవారు, నిజమే. నువ్వు ఇంట్లో చేస్తున్నదీ అదే పద్ధతి. తీగలు మార్చనిదీ నిజమే, కానీ ఆయనవి నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు. పాతబడేకొద్దీ ఆ గుమ్మనే నాదం ఇంకా బాగుంటుంది. నీవి గరుకుగా ఉండే రౌండ్‌వౌండ్, వాటి సందుల్లో చెమట, మట్టి చేరితే నాదం చచ్చిపోతుంది, పై ఫ్రెట్లలో శ్రుతి కూడా కుదరదు. పైగా ఒక్క చూపుడు వేలితోనే మీటేవాడు, ఆయనకు ఆ వేలు ఉండేది. మనకు లేదు.

కొత్త సెట్‌కి డబ్బు లేకపోతే తీగలు విప్పి పది నిమిషాలు నీళ్లలో మరిగించి, పూర్తిగా ఆరబెట్టి వెయ్యి. కొన్ని వారాలు మెరుస్తాయి. అమ్మ పప్పు గిన్నె మాత్రం వాడకు. నేను వాడాను, ఆ గిన్నె ఇప్పటికీ నా పేరు మీదే ఉంది.

#31 కీబోర్డ్అక్క, సాయంత్రం 6:10

పంపేటప్పుడు రెండు ఫైళ్లు పంపు. ప్లగిన్ వేసింది ఒకటి, ఏమీ వేయని పచ్చిది ఒకటి. మీ ఫ్రెండ్‌కి నీ ఓవర్‌డ్రైవ్ నచ్చకపోతే పచ్చిదాంతో తనకు కావలసినట్టు చేసుకుంటాడు. రెండూ పాట మొదటి సెకను నుంచే ఎక్స్‌పోర్ట్ చెయ్యి, నువ్వు 30వ సెకనులో మొదలుపెట్టినా సరే. ముందున్న ఖాళీ కూడా ఫైల్‌లో ఉంటే వాడు లాగి సున్నా దగ్గర పెడితే చాలు, కరెక్టుగా అతుక్కుంటుంది. నాలుగు నిమిషాల మోనో వేవ్ ఫైల్ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో 35 ఎంబీ దాకా వస్తుంది. మెయిల్‌లో పట్టదు, డ్రైవ్‌లో పెట్టి లింక్ పంపు.

#32 నాలుగుతీగలు, మంగళవారం రాత్రి 10:05

తీగలు మరిగించాను (పాత టీ గిన్నెలో). చార్జర్ తీసేసి, ఫ్యాన్ ఫుల్‌లో పెట్టి, పదకొండో టేక్ ఓకే చేశాను. ఫ్రెండ్ విని "ఏ స్టూడియోరా?" అని అడిగాడు. మొత్తం ఖర్చు 3,900. మిగతా 1,100 నాన్నకి తిరిగి ఇస్తే అనుమానంగా చూశాడు. క్లిప్ పెట్టాను, తప్పులు చెప్పండి.

#33 మెట్రోబేసిస్టు, రాత్రి 10:30

సూపర్ భయ్యా. అయితే రెండో చరణం మొదట్లో మళ్లీ కుక్కర్ విజిల్ వచ్చింది, చూసుకో. 1:12 దగ్గర.

#34 కీబోర్డ్అక్క, రాత్రి 10:41

కేబుల్‌లోంచి కుక్కర్ రాదని పైన అంత రాశాను కదా మెట్రో!

#35 నాలుగుతీగలు, రాత్రి 10:44

అది నా చెయ్యి అన్నా. ఏడో ఫ్రెట్ నుంచి రెండుకి జారినప్పుడు తీగ కీచుమంది, మరిగించాక బాగా గరుకయ్యాయి. రేపు ఆ ఒక్క ముక్క మళ్లీ వాయిస్తాను, ఈసారి వేలు ఎత్తి దింపుతాను.

#36 ఐదోతీగ, రాత్రి 10:52

ఉంచెయ్. బాగుంది.